సేద్యం ముందు, అతిథులు తర్వాత: మా పొలం ప్రాజెక్టు డైరీ

దుక్కికి ముందు

మా పొలంలో అతిథులను ఉంచుకునే ఈ వ్యవసాయ పర్యాటకం ప్రాజెక్టు కోసం మేం మొదట కొన్నది ఒక లెక్కల పుస్తకం. మంచాలూ పరుపులూ ఆ తర్వాతే. ప్రతి పేజీనీ నిలువుగా రెండు గడులు చేశాం. ఎడమ గడిలో పొలం పని గంటలు, కుడి గడిలో అతిథుల కోసం చేసిన పని గంటలు. ఇంట్లో ఎవరు ఏ పనిలో ఎంతసేపు ఉన్నారో పడుకునే ముందు రాసెయ్యాలి. నెలాఖరున రెండు గడులూ కూడాలి. మొత్తం పనిలో కుడి గడి మూడో వంతు దాటితే కొత్త బుకింగులు ఆపెయ్యాలి. ఇంట్లో అందరం కూర్చుని పెట్టుకున్న మొదటి కట్టుబాటు ఇది.

ఈ ఆలోచన ఇటలీ నుంచి తీసుకున్నాం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి పల్లెల జనం ఫ్యాక్టరీ పనులకని పట్నాలకు పోయారు, కొండవాలుల్లోని రాతి ఇళ్లు పాడుబడ్డాయి. రైతుల ఇళ్లలో అతిథులను ఉంచుకునే పద్ధతిని పెంచడానికి 1965లో అగ్రిటురిస్ట్ అనే సంఘం పుట్టింది. 1985లో దేశమంతటికీ ఒక చట్టం చేశారు, 2006లో దాని స్థానంలో ఇంకొకటి తెచ్చారు. ఈ రెండో చట్టంలో నాలుగు సంగతులు నన్ను పట్టుకున్నాయి. అతిథుల పని వ్యవసాయానికి అనుబంధంగానే ఉండాలి, సేద్యానిదే పైచెయ్యి కావాలి. ఆ హెచ్చుతగ్గులను తూచేటప్పుడు పని సమయాన్ని ముఖ్యంగా చూడాలి. పొలంలో అప్పటికే ఉన్న కట్టడాలను వాడుకోవాలి. పెట్టే భోజనంలో సొంత పంటకూ, చుట్టుపక్కల రైతుల పంటకూ పెద్ద వాటా ఉండాలి. అతిథులు పదిమంది లోపే ఉంటే సేద్యమే ప్రధానమని ఆ చట్టం ఒప్పుకుంటుంది. అది మాకు వర్తించే చట్టం కాదు. అయినా ఈ నాలుగింటినీ మా గోడ మీద రాసుకున్నాం, పదిమంది హద్దును కూడా.

డబ్బుతో కాకుండా సమయంతో ఎందుకు కొలవాలంటే, డబ్బు లెక్క అసలు సంగతిని దాచేస్తుంది. పంట ధర పడిపోయిన ఏడాది అతిథుల ఆదాయం దానంతటదే పెద్దగా కనిపిస్తుంది, సేద్యంలో ఏ లోటూ లేకపోయినా. అదే ధర బాగున్న ఏడాది, కలుపు సమయానికి తియ్యలేదన్న సంగతి ఆదాయం పుస్తకంలో ఎక్కడా తేలదు. కలుపు వారం ఆలస్యమైతే నష్టం ఆ వారంతో పోదు, గింజ రాల్చిందంటే వచ్చే పంటల దాకా వెంటాడుతుంది. పని గంటల పుస్తకంలో మాత్రం ఆ వారం ఎవరు ఎక్కడున్నారో తెలిసిపోతుంది.

అసలు ఇదంతా ఎందుకంటే, పంట డబ్బు కోత తర్వాత ఒక్కసారి వస్తుంది, ఖర్చు రోజూ ఉంటుంది. ఆ మధ్య ఖాళీలో అప్పు చెయ్యకుండా గడవాలి. ఇంకో కారణం కూడా ఉంది. మా పంట తినేవాళ్ల మొహం మేమెన్నడూ చూడలేదు, మా పని వాళ్లూ చూడలేదు. వ్యవసాయ పర్యాటకం అనగానే రాత్రి బస గుర్తొస్తుంది గానీ, పొలం దగ్గరే నేరుగా అమ్మడం, పని నేర్పించడం, ఆతిథ్యం, ఆరుబయట విహారం, వినోదం ఇవన్నీ దాని కిందికే వస్తాయి. మేం మొదటి మూడే పట్టుకున్నాం. మిగిలిన రెండింటికీ నేల, పెట్టుబడి ఎక్కువ కావాలి. పైగా వాటికి వచ్చేవాళ్లకు పొలం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

కొట్టు బాగుచేత

కొత్త గదులు కట్టొచ్చు కదా అని చాలామంది అడిగారు. కట్టలేదు. ప్రతి కొత్త గదీ కొంత సాగు నేలను తీసుకుంటుంది. దాని మీద తెచ్చిన అప్పు తీరాలంటే అతిథులు ఏడాది పొడుగునా రావాలి, అప్పుడు పంట పనులు వాళ్ల రాకపోకలను బట్టి జరగాల్సి వస్తుంది. మాకు వాడకంలో లేని పాత ధాన్యపు కొట్టు ఒకటి ఉంది. గోడలు మట్టివే అయినా మందంగా, గట్టిగా ఉన్నాయి. దాన్నే బాగుచెయ్యాలనుకున్నాం. ఫ్రాన్సులో 1955లో మొదలైన జీత్ ద ఫ్రాన్స్ సంఘం కూడా పల్లెల్లో ఖాళీగా పడున్న ఇళ్లను బాగుచేయించి, సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకిప్పించే దారే పట్టింది.

మట్టి గోడకు సిమెంటు పూత వద్దే వద్దని మేస్త్రీ పట్టుబట్టాడు. మట్టి గోడ చెమ్మను పీల్చుకుంటుంది, మళ్లీ వదులుతుంది. పైన సిమెంటు పూస్తే లోపలి చెమ్మకు బయటికి దారి ఉండదు. గోడ లోపల్నించి మెత్తబడుతుంది, పూత పెచ్చులుగా ఊడుతుంది. అందుకని సున్నమూ ఇసుకా కలిపిన పూత వేయించాం. పలచగా ఒక పూత, అది గట్టిపడ్డాక ఇంకో పూత. ఎండకు త్వరగా ఆరి బీటలు పడకుండా మధ్యమధ్య తడి గోనెపట్టాలు కప్పాం. సిమెంటు కన్నా చాలా ఆలస్యంగా ఆరింది. కానీ ఇప్పుడు లోపలికి అడుగుపెడితే చల్లదనం ఒంటికి తెలుస్తోంది. చూరు కింద గోడకు రెండువైపులా పాతకాలం గాలి కంతలు ఉన్నాయి, వాటిని మూయకుండా జాలీ మాత్రం బిగించాం.

ఖర్చులో పెద్ద ముక్క మరుగుదొడ్డికి పోయింది, పోవాలి కూడా. రెండు అరల సెప్టిక్ ట్యాంకు, దాని తర్వాత ఇంకుడు గుంత. మంచినీటి బావికి ఇంకుడు గుంత కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలి, దాని అడుగు భూగర్భ జల మట్టానికి కనీసం మీటరున్నర పైన ఉండాలి. ఈ రెండో కొలతను వానాకాలపు నీటి మట్టంతో చూసుకోవాలి, ఎండాకాలపు మట్టంతో కాదు. పొలంలో స్థలం బోలెడు ఉన్నట్టు కనిపిస్తుంది గానీ బావి, వాలు, కాలువ మూడూ చూసుకుంటే గుంతకు తగిన చోటు ఒక మూలన మాత్రమే మిగిలింది. స్నానాల నీళ్లు వేరే గొట్టంలో రెల్లు పెంచిన గులకరాళ్ల మడిలోకి వెళ్లి, అక్కడి నుంచి చెట్ల పాదుల్లోకి పోతాయి. పచ్చిగా తినే కూరగాయల వైపు ఆ నీళ్లు పోనివ్వం.

దారి

అతిథులు నడిచే దారి గట్ల మీదే గీశాం, మడుల్లోంచి కాదు. తడి నేలను కాళ్లు తొక్కితే మట్టిలో గాలీ నీరూ కదిలే సందులు మూసుకుపోతాయి, ఆ చోట వేరు దిగదు, వాన నీరు ఇంకకుండా పైనే పారుతుంది. ఒక్కరు నడిస్తే ఏమీ కాదు. రోజూ గుంపు నడిస్తే దున్నినా త్వరగా విడవని గట్టి పొర తయారవుతుంది. దారి మీద కొమ్మల తురుము పరిచాం.

పంపు గది, మందుల గది, యంత్రాల కొట్టం మూడింటికీ తాళం. బావికి చుట్టూ గోడ, పైన ఇనుప జాలీ. ట్రాక్టరు మీద డ్రైవరు తప్ప ఎవరూ ఎక్కకూడదు, సరదాకైనా సరే. ఈ మాట దగ్గర మా ఇంట్లోనే కొంచెం గట్టిగా వాదన జరిగింది. మా పిల్లలు ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చునే పెరిగారు కదా అన్నారు. పొలాల్లో పిల్లల ప్రాణాలు తీసే ప్రమాదాల్లో ట్రాక్టర్లది పెద్ద వాటా. ఆ రోజు నుంచి మా పిల్లలకూ అదే నియమం.

పనుల క్యాలెండరు

పంట పనులు ముందు రాసి, అతిథులు రాదగిన రోజులు ఆ ఖాళీల్లో నింపాం. విత్తడం, నారు పీకి నాటడం, కాయ కోయడం అతిథులు చూడొచ్చు, కొంత చెయ్యొచ్చు. మందు కొట్టే రోజులు పూర్తిగా మూత. మందు విషయంలో రెండు గడువులు చూసుకోవాలి: కొట్టాక మళ్లీ పొలంలోకి ఎప్పుడు అడుగు పెట్టొచ్చో ఒకటి, ఎన్నాళ్ల తర్వాత కోసి తినొచ్చో ఇంకొకటి. అలవాటైపోయిన రైతులం రెండోదాన్ని చూస్తాం, మొదటిదాన్ని వదిలేస్తాం. అతిథులు వస్తున్నారని క్యాలెండరులో ఆ మొదటి గడువు కూడా ఎర్ర సిరాతో రాయడం మొదలుపెట్టాక, మా కూలీలకూ అదే రక్షణ దొరికింది. ఈ పనికి దిగినందువల్ల పొలానికి జరిగిన మొదటి మేలు ఇదేనని నా లెక్క.

డబ్బిచ్చి వచ్చిన అతిథులతో పని చేయించుకోవచ్చా అన్న ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు నలిపింది. 1971లో ఇంగ్లండులో సూ కాపర్డ్ అనే లండన్ ఉద్యోగిని పట్నం వాళ్లను వారాంతాల్లో సేంద్రియ పొలాల్లో పనికి తీసుకెళ్లే ఏర్పాటు చేశారు. అదే తర్వాత వూఫ్ పేరుతో ఎన్నో దేశాలకు పాకింది. అక్కడ పని చేసేవాళ్లకు తిండి, బస, నేర్చుకునే వీలు దొరుకుతాయి. మా దగ్గరికి వచ్చేవాళ్లది ఆ ఒప్పందం కాదు. అందుకని ఒక నియమం పెట్టుకున్నాం: అతిథులు ఏ పని చేసినా ఆ రోజు కూలీల సంఖ్య తగ్గించం. అతిథి నాటిన సాలు వంకర పోతే సరిచేసేది కూలీయే కాబట్టి, ఆ సరిచేసే సమయానికి కూడా కూలి కడతాం, దాన్ని కుడి గడిలో రాస్తాం. వ్యవసాయ పర్యాటకం ఊరికి మేలు చేస్తుందని చెప్పేముందు, ఆ ఊళ్లో కూలికి పోయేవాళ్ల పనిరోజులు తగ్గలేదని చూపించగలగాలి.

చేతులు కడిగే చోటు

మొత్తం ప్రాజెక్టులో నేను ఎక్కువగా చదివింది, ఎక్కువగా సరిచూసుకున్నది ఇక్కడే. పశువుల్ని తాకడం, దూడకు గడ్డి పెట్టడం పిల్లలకు ఎక్కడలేని సంబరం. అక్కడే ప్రమాదమూ ఉంది. ఈ.కోలై ఓ157 అనే సూక్ష్మజీవి ఆవుల, మేకల, గొర్రెల పేగుల్లో ఉంటుంది. పశువుకు ఏమీ కాదు, చూడ్డానికి నిగనిగలాడుతూ ఉంటుంది. మనిషికి మాత్రం చాలా కొద్ది సంఖ్యలో కడుపులోకి వెళ్లినా చాలు, నెత్తురు విరేచనాలు పట్టుకుంటాయి. చిన్నపిల్లల్లో కొందరికి కిడ్నీలు దెబ్బతింటాయి. 2009లో ఇంగ్లండులోని సర్రే కౌంటీలో ఒక సందర్శన ఫారం నుంచి 93 మందికి ఇది సోకింది, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే.

అందుకని పశువుల కొట్టం నుంచి భోజనాల చోటికి ఒక్కటే దారి ఉంచాం, ఆ దారి మధ్యలో కుళాయిల వరస పెట్టాం. కుళాయి దాటకుండా భోజనం దగ్గరికి వెళ్లడానికి వీల్లేదు. రెండు కుళాయిలు పిల్లల ఎత్తుకు బిగించాం. పారే నీళ్లు, సబ్బు, తుడుచుకోవడానికి ఒక్కసారి వాడి పారేసే కాగితం. చేతులకు రాసుకునే జెల్ సీసా పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. మట్టీ పేడా అంటిన చేతి మీద జెల్ సరిగా పనిచెయ్యదు, పశువుల నుంచి వచ్చే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి లాంటి వాటిని అది చంపలేదు కూడా. సబ్బుతో వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు దాకా 20 సెకన్లు రుద్ది కడగాల్సిందే.

కొట్టంలోకి తినే వస్తువులు, పాల సీసాలు, నోట్లో పెట్టుకునే పీకలు తీసుకురాకూడదు. పశువును ముద్దు పెట్టుకోనివ్వం. ఐదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు కంచె ఇవతల నుంచే చూడాలి. పచ్చి పాలు ఎవరికీ రుచి చూపించం, ఎంత అడిగినా సరే, కాచి ఇస్తాం.

పశువుల వైపు నుంచి కూడా ఆలోచించాలి. మా మామగారు ఒక్కమాటే చెప్పారు: "చూడి ఆవు దగ్గరికి కొత్తవాళ్లను రానివ్వకమ్మా, బెదిరితే తన్నుతుంది, తనకూ మంచిది కాదు." ఇప్పుడు చూడి ఆవులకూ, ఈనిన వాటికీ వెనకవైపు వేరే కొట్టం. మిగతా వాటికి కూడా మధ్యాహ్నం నెమరేసే వేళ మనుషుల సందడి ఉండదు. అతిథులు లోపలికి వచ్చేటప్పుడు చెప్పులు బ్రష్షుతో తోమి, సూక్ష్మజీవులను చంపే మందు నీళ్ల తొట్టిలో కాళ్లు ముంచి రావాలి. బ్రష్షుతో తోమడం ముఖ్యం, మట్టి అంటి ఉంటే మందు నీళ్లు పనిచెయ్యవు. వేరే ఫారం నుంచి నేరుగా వచ్చేవాళ్లను ఆ రోజు కొట్టం వైపు పంపం.

పక్క పొలాలు

బోర్డు పెట్టకముందే పక్క పొలం పెద్దాయన వచ్చారు. "అమ్మాయ్, మీ కార్లొచ్చి బాటలో నిలబడితే నా ట్రాక్టరు ఎటు తిప్పుకోవాలి?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. ఆ బాట ఆయనదీ, మాదీ, ఇంకా వెనక పొలాల వాళ్లదీ. కార్లు ఊరి మొదట్లోనే ఆపి, అక్కడి నుంచి నడిచి రావాలని నిర్ణయించాం. సామాను కోసం ఒక చిన్న బండి తిరుగుతుంది, తోలేది ఊళ్లో కుర్రాడే.

పర్యాటకుల మీద స్థానికుల మనసు ఎలా మారుతుందో 1975లో జార్జ్ డాక్సీ అనే పరిశోధకుడు నాలుగు మెట్లుగా చెప్పాడు. మొదట సంబరం, తర్వాత పట్టనితనం, ఆ తర్వాత చిరాకు, చివరికి శత్రుత్వం. అన్ని ఊళ్లూ ఆ వరసలోనే నడవాలని లేదు. కానీ లాభం ఒక్క ఇంటికి, దుమ్మూ చప్పుడూ ఊరందరికీ అయితే మూడో మెట్టుకు చేరడానికి ఎంతో కాలం పట్టదు. అందుకే మొదటి నుంచీ కొనుగోళ్లు పంచాం. తేనె ఒకరి దగ్గర, గుడ్లు ఇంకొకరి దగ్గర, మేం పండించని కూరగాయలు పక్క పొలాల్లో. ఏ రోజు డబ్బు ఆ రోజే ఇస్తాం. పొలాలు చూపించే పని వంతులవారీగా ఊళ్లోవాళ్లది. అతిథి ఇచ్చిన డబ్బులో ఊరి బయటి దుకాణాలకు పోతున్నది ఎంత అని నెలనెలా చూస్తున్నాం. మొదట్లో దుప్పట్లు, పాత్రలు, సబ్బులు అన్నీ బయటివే. ఇప్పుడు సబ్బులూ, దుప్పట్ల ఉతుకూ ఊళ్లోనే.

మహారాష్ట్రలో పాండురంగ్ తావరే 2005 నుంచి రైతులకు ఈ పనిలో శిక్షణ ఇప్పిస్తూ వస్తున్నారు. 2020లో ఆ రాష్ట్ర ప్రభుత్వం వ్యవసాయ పర్యాటకానికి ప్రత్యేక విధానం తెచ్చింది. అక్కడి నుంచి నేను తీసుకున్న పాఠం, ఒక్కచోట పెద్ద రిసార్టు కన్నా అనేకమంది చిన్న రైతుల దగ్గర చిన్న చిన్న ఏర్పాట్లు ఉండటమే మేలని.

మొదటి అతిథులు

పండ్ల తోటలో కోత నేర్పించడంతో మొదలుపెట్టాం. కాయను పట్టుకుని కిందికి లాగితే తొడిమ దగ్గర చర్మం చిరుగుతుంది, ఆ చిరుగులోంచే కుళ్లు మొదలవుతుంది. ఒక్కోసారి కాయతో పాటు వచ్చే ఏడాది పూయాల్సిన కణుపు కూడా విరిగొస్తుంది. కాయను అరచేతిలో పట్టి, కొంచెం పైకెత్తి, మెల్లగా మెలితిప్పాలి. పండింది అయితే తొడిమతో సహా దానంతటదే చేతికొస్తుంది. రాకపోతే అది ఇంకా చెట్టు మీద ఉండాల్సిందే. ఒక పెద్దావిడ మొదటి కాయను మెలితిప్పి, రాలేదని వదిలేసి, దాని పక్కదాన్ని ముట్టుకుని, అదీ వదిలేసి, మూడోది చేతికి రాగానే "ఇది ఒప్పుకుంది" అన్నారు. ఆ తర్వాత ఆవిడే మిగతావాళ్లకు నేర్పారు. బుట్టలో కాయలు పోయకూడదు, పెట్టాలి, తొడిమ పక్క కాయకు గుచ్చుకోకుండా.

కోసిన కాయలు తూచే చోట నల్లబల్ల పెట్టాం. కొనేవాళ్లు ఇచ్చే ధరలో రైతుకు చేరేది ఎంత, రవాణా, తరుగు, మధ్యవాళ్ల వాటా ఎంత అని మా సొంత లెక్కలతోనే రాశాం. అతిథులు ఎక్కువసేపు నిలబడేది ఆ బల్ల దగ్గరే. తరుగు గురించి అందరూ అడుగుతారు: మచ్చ ఉన్న కాయ రుచిలో తేడా లేకపోయినా అది మార్కెట్లో ఎందుకు పోదని. మేం మచ్చ కాయల బుట్టను పక్కనే పెట్టి కోసి రుచి చూపిస్తాం. ఆ బుట్ట ముందు ఖాళీ అవుతోంది.

ముసురు

వాన వదలకుండా పట్టింది. గట్లు జారుతున్నాయి, కొమ్మల తురుము కూడా బురదలో కలిసిపోయింది. వచ్చిన బుకింగులన్నీ రద్దుచేసి డబ్బు వాపసు ఇచ్చేశాం. కొట్టు అరుగు మీద కూర్చోబెట్టి గింజలు వేరుచేయించొచ్చు కదా అని మా తోడికోడలు అక్క అంది. మంచి ఆలోచన. మరోసారి ముసురు పడితే ఉపయోగపడేలా విత్తనాల ఎంపిక, మొలక పరీక్ష, నారుమడి మట్టి కలపడం లాంటి నీడపట్టు పనుల జాబితా అక్కే తయారుచేసింది.

ఈ ఆదాయం ఎంత సులువుగా ఆగిపోతుందో గుర్తుపెట్టుకోవాలి. 2001లో బ్రిటన్‌లో పశువులకు గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు అరవై లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది. వ్యాధి పాకకూడదని పొలాల మధ్య కాలిబాటలు మూసేశారు. పల్లెలకు వచ్చేవాళ్లు ఆగిపోయారు. చివరికి చూస్తే వ్యవసాయానికి కన్నా పర్యాటకానికే ఎక్కువ నష్టం తేలింది. 2020లో కరోనా వచ్చినప్పుడూ గదులు ఖాళీ అయ్యాయి, పంట నేరుగా అమ్మే ఏర్పాటు ఉన్న పొలాలకు మాత్రం ఒక దారి మిగిలింది. మా దగ్గరికి ఒక్కసారి వచ్చిన అతిథుల జాబితా అందుకే జాగ్రత్తగా రాసి పెడుతున్నాం, వాళ్ల అనుమతితోనే. వాళ్లు మళ్లీ రాకపోయినా పంట దిగిన కబురు వాళ్లకు పంపొచ్చు.

కోత

కోత వారాల్లో గది అద్దెకివ్వలేదు. ఫొటోలకు అదే అందమైన కాలమని, ఎక్కువ డబ్బిస్తామని అడిగినవాళ్లు ఉన్నారు. ఆ రోజుల్లో యంత్రాలు తిరుగుతుంటాయి, మాకు నిద్ర ఉండదు, ఒక్క వాన పడితే ఏడాది కష్టం నేలపాలు. కాదన్నాం.

ఫిలిప్పీన్స్‌లోని ఇఫుగావో వరి మడుల సంగతి నా మనసులో ఎప్పుడూ ఉంటుంది. కొండలను మెట్లుమెట్లుగా చెక్కిన ఆ మడులను యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2001లో ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలో కూడా చేర్చాల్సి వచ్చింది. గట్లు కూలుతున్నాయి, కాలువలు పూడుతున్నాయి, కుర్రకారు సేద్యం వదిలి వేరే పనుల్లోకి పోతోంది. అతిథులు చూడ్డానికి వచ్చేది ఆ మడులను, ఆ మడులను నిలబెట్టేది ఏటా గట్టు మట్టి ఎగవేసే చేతులు. ఆ చేతులకు అందులో బతుకుతెరువు లేకపోతే చూడ్డానికి ఏమీ మిగలదు. గట్లు, కాలువలు బాగుచేసుకుంటూ వచ్చాక 2012లో ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలోంచి తీసేశారు.

ఏడాది లెక్క

కుడి గడి ఏ నెలలోనూ మూడో వంతు దాటలేదు, రెండు నెలల్లో దగ్గరికి మాత్రం వచ్చింది. విడదీసి చూస్తే కొత్త సంగతి బయటపడింది. ఎక్కువ గంటలు తీసుకున్నది వంటా కాదు, పొలం చూపించడమూ కాదు. ఫోన్లకు జవాబులు చెప్పడం, గది శుభ్రం చెయ్యడం, దుప్పట్లు మార్చడం. అందులో చాలా భాగం అక్కదీ నాదీ. చాలా దేశాల్లో ఈ పని ఇంటి ఆడవాళ్ల మీదే పడుతోంది, ఆదాయం మాత్రం కుటుంబం పేరున జమవుతుంది. అందుకని వచ్చే నెల నుంచి ఆ గంటలకు మా ఇద్దరి ఖాతాల్లో నేరుగా కూలి పడాలని నిర్ణయమైంది. ఫోన్లకు రోజులో రెండు వేళలు మాత్రమే.

అమెరికా వ్యవసాయ గణన ప్రకారం అక్కడి పొలాలకు వ్యవసాయ పర్యాటకం మీద 2017లో సుమారు 95 కోట్ల డాలర్లు వస్తే, 2022లో 126 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ పని చేస్తున్న పొలాల సంఖ్య మాత్రం ఇంచుమించు అలాగే ఉంది. ఆదాయం పెరిగినంత సులువుగా కొత్త రైతులు ఇందులోకి రాలేకపోతున్నారని నాకు అర్థమైంది. మరుగుదొడ్డి, నీళ్లు, బీమా, అనుమతులు, ఇవన్నీ మొదటి అతిథి రాకముందే పెట్టాల్సిన ఖర్చులు. చిన్న రైతు ఒంటరిగా వాటిని మొయ్యలేడు. కొన్నింటిని కలిసి మొయ్యొచ్చు: ఒక్క బీమా, ఒక్క ఫోను నంబరు, ప్రథమ చికిత్స శిక్షణ, దుప్పట్ల ఉతుకు. మా గది నిండిపోతే రెండోది కట్టకుండా, పక్క పొలం పెద్దాయన ఇంటి ముందు గదిని బాగుచేయించడానికి మాటలు నడుస్తున్నాయి. సున్నం పూత పనికి అదే మేస్త్రీ.

మిగిలిన డబ్బు నేలకే పెట్టాం. పేడ ఎండకూ వానకూ సారం పోగొట్టుకోకుండా కంపోస్టు మీదికి ఒక కప్పు, పండ్ల తోటకు డ్రిప్పు గొట్టాలు, గట్ల వెంట పూల మొక్కల వరస. ఆ పూల కోసం వచ్చే తేనెటీగలు తోటకూ పనికొస్తాయి.

మిగిలిపోయిన పని ఒకటుంది. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు కొట్టులోకి వెళ్లలేకపోతున్నారు. అరుగు ఎత్తు 45 సెంటీమీటర్లు. ఎత్తు ఒకటికి పొడవు పన్నెండు చొప్పున వాలు ఉంచాలంటే ర్యాంపు 5.4 మీటర్ల పొడవు కావాలి, ముందు అంత చోటు లేదు కాబట్టి మధ్యలో ఒక మలుపు, ఆ మలుపు దగ్గర కుర్చీ తిరిగేంత వెడల్పు ఉండాలి. మేస్త్రీ కొలతలు తీసుకెళ్లాడు. దుక్కులు మొదలయ్యేలోపు పూర్తి చేస్తానన్నాడు.